రెండో చెవి

బస్టాండు వెనక గది,
జనవరి 9

వదినగారికి,

నమస్కారం. ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో ఒక ఫోను వస్తుంది. అది మాట్లాడుకోవడానికి కాదు. మన ఇంట్లో సిగ్నల్ రాదని తెలుసు కాబట్టి సిగ్నల్ లేకుండానే పనిచేసేలా పెట్టాను.

అన్నయ్య చెప్పే ఉంటాడు. మార్చి ఇరవైన అమ్మకు గొంతు ఆపరేషన్. ఆ తర్వాత అమ్మకు ఇక మాట రాదని డాక్టరు నాతోనూ అన్నాడు. మన ఇంటి మాట తడుముకోకుండా మాట్లాడేవాళ్లు మిగిలింది ఇద్దరే, అమ్మా, అమ్మ తమ్ముడు గడియారాల మామయ్యా. ఆ మాటకు రాత లేదు. మీకు ఉత్తరం రాయాలన్నా ఈ పెద్ద భాషే గతి. అమ్మ గొంతు పోయిందంటే ఆ మాట కూడా పోయినట్టే. వారం రోజులుగా నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు.

పని ఇదీ. ఫోను ఒక బొమ్మ చూపిస్తుంది. దాన్ని ఇంటి మాటలో ఏమంటారో అమ్మ చెప్పాలి. తర్వాత ఇంకొకరు విని, సరిగ్గా ఉంటే పచ్చ గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు నొక్కాలి. దీన్ని మా ఆఫీసులో ‘రెండో చెవి’ అంటాం. మొదటి గొంతు ఎవరిదైనా కావచ్చు, రెండో చెవి మాత్రం ఆ మాటలో పుట్టి పెరిగిన మనిషిదే కావాలి. ఎర్ర పడితే మళ్లీ చెప్పొచ్చు. ఒక మాటను పూర్తిగా చెరిపెయ్యాలంటే మాత్రం ఇద్దరు ఎర్ర నొక్కాలి. రెండో చెవిగా మామయ్య పేరు రాశాను. నేనే నొక్కుదామంటే ఆఫీసువాళ్లకు ఎర్ర నొక్కే హక్కే ఉంది, పచ్చ నొక్కే హక్కు లేదు. పైగా పదిహేడేళ్లకే హాస్టల్‌కి వచ్చేసినదాన్ని, నాకు వచ్చింది వంటింటి మాటలూ తిట్లూ.

ఆరు వందల మాటలు పూర్తయితే, మన ఇంటి మాట నేర్పే మా ఆఫీసు యాప్ బయటికి వస్తుంది. తలో ఊరికీ వెళ్లిపోయిన మనవాళ్ల పిల్లలు ఇరవై ఆరుగురు దాని కోసం చూస్తున్నారు. మీకు ఆ మాట రాదు కాబట్టి మీకు విసుగ్గా ఉంటుందని తెలుసు. మీరు చెయ్యాల్సిందల్లా బటన్ నొక్కడం, పదిహేను రోజులకోసారి మెమరీ కార్డు కవర్లో పెట్టి పోస్టు చెయ్యడం.

ఇట్లు,
మీ మరదలు

*

కుట్టుమిషన్ గది,
జనవరి 24

మరదలమ్మకు,

ఫోను చేరింది. ఇరవై రెండేళ్లలో నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరమిది. ఇన్నాళ్లూ పండక్కో పబ్బానికో అన్నయ్య ఉత్తరం చివర ‘వదినను అడిగానని చెప్పు’ అనే ఒక్క ముక్కతో సరిపెట్టేదానివి. అందుకని దీన్ని దాచిపెట్టాను.

మీ అన్నయ్య పాల వ్యాను తీసుకుని తెల్లారేసరికే వెళ్లిపోతాడు కదా. ఆయన వెళ్లాక నేను మిషన్ ముందు, అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో, మామయ్య గుమ్మం దగ్గర స్టూలు మీద. స్కూళ్లు తెరిచేలోపు నాకు నూట నలభై యూనిఫారాలు కుట్టాలి. ఒక చేత్తో చొక్కా, ఇంకో చేత్తో నీ ఫోను.

అత్తయ్య మొదటిరోజు నోరు విప్పలేదు. గొడుగు బొమ్మ చూపిస్తే ‘గొడుగుని గొడుగనే అంటారు, ఇది కూడా తెలియదా దానికి’ అంది. దానికి అంటే నీకు. రెండోరోజు ఏనుగు బొమ్మ చూసి ఇంటి మాటలో ఏదో అంటే, ‘దీన్ని కుట్టడానికి ఎంత గుడ్డ కావాలో’ అందని మామయ్య చెప్పాడు. మూడోరోజు నుంచి దారిలో పడింది. ఇప్పుడు నేను ఫోను తియ్యకపోతే తనే అల్మారా వైపు చూస్తోంది.

కార్డు ఈ కాగితం మడతలోనే ఉంది, అతికించిన టేపు నెమ్మదిగా ఊడదియ్యి.

వదిన

*

ఆఫీసు, కిటికీ పక్క బల్ల,
ఫిబ్రవరి 6

వదినగారికి,

కార్డు అందింది. అమ్మ గొంతు హెడ్‌ఫోన్లో విన్నప్పుడు నా పక్క కుర్చీ ఆవిడ నన్ను చూసి నీళ్ల గ్లాసు తెచ్చిచ్చింది. అలా కనిపించానన్నమాట.

ఒక సందేహం. మొదటి ముప్ఫై మాటల్లో మామయ్య అన్నిటికీ పచ్చ నొక్కాడు. పన్నెండోది అమ్మ మాట కాదు, వీధిలో కుక్క అరుపు. దానికీ పచ్చే. తర్వాత నుంచి మాత్రం ఎంత నిక్కచ్చిగా ఉన్నాడంటే, అమ్మ పొరపాటున చిన్నత్తకూ పెద్దత్తకూ ఒకే మాట చెబితే ఎర్ర నొక్కి మళ్లీ చెప్పించాడు. మామయ్య ఇంత శ్రద్ధగల మనిషని నాకు తెలియదు.

ఇంకా నాలుగు వందల మాటలు కావాలి. తొందర పెడుతున్నానని అనుకోవద్దు. అనుకున్నా ఫర్వాలేదు, తొందరే పెడుతున్నాను. రోజూ క్యాలెండరు చూస్తున్నాను, కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతున్నాను. అమ్మ గొంతు ఎలా ఉంది?

మీ మరదలు

*

కుట్టుమిషన్ గది,
ఫిబ్రవరి 17

అమ్మాయ్,

ఐదు వందల నలభై అయ్యాయి. కార్డు పెట్టాను. అత్తయ్య గొంతు పొద్దున బాగానే ఉంటుంది, పదింటికల్లా బొంగురుపోతుంది. అందుకని పెద్ద మాటలు ముందు, చిన్న మాటలు తర్వాత చెప్పిస్తున్నాను.

కుక్క సంగతి మామయ్యను అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. నువ్వు కూడా ఊరుకో.

వదిన

*

బస్టాండు వెనక గది,
ఫిబ్రవరి 27

వదినగారికి,

నిజం చెప్పండి. రెండో చెవి ఎవరు?

మా టీమ్ లీడర్ మేడమ్ నన్ను పిలిచి చూపించింది. ప్రతి మాటకూ అమ్మ చెప్పిన నాలుగు సెకన్లలో గుర్తు పడింది. ఉదయం ఆరున్నరకు కూడా. మామయ్య షాపు బజారు అవతల, ఆరున్నరకు ఆయన నిద్ర కూడా లేవడు. నేను ఏదో సర్దిచెప్పి వచ్చి అసలు రికార్డింగులు తెరిచాను. మాటకు ముందూ వెనకా ఉండే చప్పుళ్లు మేం కోసేస్తాం. ఈసారి కొయ్యకుండా విన్నాను.

మూడు వందల పదకొండో మాట. అమ్మ ‘తాళం’ అని చెప్పి, ఆ వెంటనే ఇంటి మాటలో ‘పాలు పొంగుతున్నాయి’ అంది. మిషన్ ఆగింది. మీ గాజులు. అడుగుల చప్పుడు. స్టవ్ కట్టేసిన చప్పుడు.

పాలు పొంగుతున్నాయని మీకు పెద్ద భాషలో ఎవరూ చెప్పలేదు.

మీకు ఇంటి మాట వచ్చు. ఎప్పటినుంచి? మమ్మల్నందర్నీ ఇన్నేళ్లు ఎందుకు మోసం చేశారు? దొంగపేరు మీద గుర్తులు పడ్డాయని తేలితే ఐదు వందల నలభై మాటలూ తీసేస్తారు. నేను కాపీలు దాచుకోవచ్చు, కానీ నా పెట్టెలో ఉన్న కాపీ ఆ పిల్లల్లో ఎవరు వింటారు? అమ్మకు ఇంకా మూడు వారాలే ఉంది. ఇంత పని చేసేముందు నాతో ఒక్క మాట అనుండాల్సింది.

మీ మరదలు

*

కుట్టుమిషన్ గది,
మార్చి 4

అమ్మాయ్,

కోపం తగ్గాక చదువు.

మామయ్యకు చెవులు వినబడవు. రెండేళ్లయింది. గడియారం చెవి దగ్గర పెట్టుకుని ‘ఆ, నడుస్తోంది’ అంటాడు, ముల్లు చూసి చెబుతాడు. ఆ సంగతి బయటపడితే షాపు మూసుకోవాలని ఆయన భయం. కుక్కకు పచ్చ నొక్కినరోజే నాకు అర్థమైంది, చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నామని. ఆయన పరువు తియ్యలేక ఫోను నేను తీసుకున్నాను. అది తప్పే. ఏనుగు బొమ్మకు అత్తయ్య అన్నది మామయ్య చెప్పాడని రాసిందీ అబద్ధమే, విన్నది నేనే.

ఇక ఎప్పటినుంచి అన్నావు. నా పెళ్లయిన మూడో ఏటి నుంచి. ఎవరూ నేర్పలేదు. నా ముందే నా గురించి రోజూ మాట్లాడుకుంటుంటే రాక ఏం చేస్తుంది? నా వంట, నా నడక, నా పుట్టింటి పెట్టుపోతలు, పిల్లలు పుట్టని సంగతి, అన్నీ ఆ మాటలోనే నేర్చుకున్నాను. మీరంతా నాకు మంచి పంతుళ్లు.

పెళ్లయిన నాలుగో రోజు నీకు గుర్తుందా? అందరం చాప మీద కూర్చున్నాం. నువ్వు నా వైపు చూసి ఇంటి మాటలో ఏదో అన్నావు. ఇల్లంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, మీలో కలిసిపోదామని. మూడేళ్ల తర్వాత అదే మాట అత్తయ్య పక్కింటావిడతో అంటుంటే, మిషన్ తొక్కుతూ ఉండగా అర్థమైంది. ‘కుండలో పడ్డ రాయి. ఉడకదు, చోటు వదలదు.’ ఆ రోజు సూది నా వేల్లో దిగింది. తిట్టినందుకు కాదు, మీతో పాటు నేనెందుకు నవ్వానా అని ఏడ్చాను.

తెలుసని చెబితే జవాబు చెప్పాల్సి వస్తుంది. జవాబు చెబితే ఇంట్లో ఉండలేను. అందుకని మూగనోము పట్టాను.

అత్తయ్యకు తెలియదనుకోకు. పదేళ్లుగా, ఇంట్లో ఇద్దరమే ఉన్నప్పుడు, గోడ వైపు తిరిగి ఇంటి మాటలో ‘బిందెలో నీళ్లయిపోయాయి’ అంటుంది. నేను వెళ్లి నింపుతాను. ఆవిడ నాతో అనలేదు, నేను వినలేదు. అదీ మా పద్ధతి. ఆ పాలు కూడా గోడతోనే చెప్పింది.

వదిన

*

బస్టాండు వెనక గది,
మార్చి 9

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను. ఆ రాయి మాట నాకు గుర్తులేదు. గుర్తులేదని తప్పించుకోవడం లేదు. మీరు ఇన్నేళ్లు మోసినదాన్ని నేను ఆ సాయంత్రమే మర్చిపోయాను, అదే నాకు సిగ్గుగా ఉంది. ఇంతకంటే రాయడం ఇప్పుడు చేతకావడం లేదు.

మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నా ఉద్యోగం పోలేదు, ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. మాటలన్నీ పక్కన పెట్టారు. ఏప్రిల్ నెలాఖరులోపు సరైన పచ్చ గుర్తులు పడకపోతే తీసేస్తారు. ఒక దారి ఉంది. పుట్టుకతో ఆ మాట లేని మనిషి కూడా రెండో చెవి కావచ్చు, ఆ మాటలో పుట్టిన మనిషి తన గొంతుతో సాక్ష్యం చెబితే. మామయ్య సాక్ష్యం చెల్లదన్నారు, కుక్క అరుపుకి పచ్చ నొక్కిన మనిషి కదా.

కాబట్టి అమ్మ ఒక్క వాక్యం చెప్పాలి. ‘నా కోడలికి మన మాట వచ్చు.’ ఇరవయ్యో తారీకులోపు. ఆ తర్వాత చెప్పాలనుకున్నా గొంతు ఉండదు.

నేను రాస్తే అమ్మ మొండికేస్తుందని మీకు తెలుసు. మీరే అడగండి. ఇలా అడగడానికి నాకు ముఖం లేదు, అయినా అడుగుతున్నాను.

మరదలు

*

కుట్టుమిషన్ గది,
మార్చి 16

అమ్మాయ్,

అడిగాను. ఎలా అడిగానో విను.

మూడు రోజుల కిందట పొద్దున మీ అన్నయ్య వెళ్లాక ఫోను తీసి అత్తయ్య ఒళ్లో పెట్టాను. ఇంటి మాటలోనే అడిగాను. బయటికి, గొంతెత్తి, మొట్టమొదటిసారి. ‘అత్తయ్యా, నాకు మీ మాట వచ్చని ఇందులో చెప్పండి’ అన్నాను. ఎన్నోసార్లు మనసులో అనుకున్న మాటలే, బయటికి వచ్చేసరికి ఎవరివో అన్నట్టు వినిపించాయి.

ఆవిడ నన్ను చూసింది. నా ముఖం, నా చేతులు, మళ్లీ నా ముఖం. అప్పుడు పెద్ద భాషలో అంది, “నువ్వేమంటున్నావో నాకు అర్థం కావడం లేదు.”

తన భాష తనకే అర్థం కాలేదంది. ఎంత పట్టుదల ఉండాలి దానికి! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటారు, ఈవిడ కుందేలుకి కాళ్లే లేవు. తర్వాత రెండు రోజులు అడిగాను. రెండు రోజులూ అదే జవాబు. నిన్న గోడతో కూడా మాట్లాడలేదు.

ఎందుకో నాకు తెలుసు. నాకు ఆ మాట వచ్చని ఒప్పుకుంటే, ఇన్నేళ్లూ అన్నవన్నీ నేను విన్నానని కూడా ఒప్పుకోవాలి. ఆవిడకు అది ఆపరేషన్ కంటే పెద్ద కోత.

ఎల్లుండి బయల్దేరతాం. నువ్వు హాస్పిటల్‌కి వస్తావుగా.

వదిన

*

ఆఫీసు, కిటికీ పక్క బల్ల,
మార్చి 29

వదినా,

తిరిగొచ్చి నాలుగు రోజులైంది, చెవుల్లో ఇంకా హాస్పిటల్ ట్రాలీ చక్రాల చప్పుడే. రెండు రోజులు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. మందుల చీటీ, ఫ్లాస్కు, అన్నయ్య భోజనం, ఇవే మాట్లాడుకున్నాం. చెప్పాలని వచ్చింది చెప్పలేకపోయాను. నీ భుజం నా భుజానికి తగులుతూనే ఉంది. మీరు మీరు అంటూ దూరంగా ఉండటం అలవాటైపోయింది, అది కూడా ఇవాళ వదిలేస్తున్నాను.

తప్పు చేశాను వదినా. పదిహేడేళ్ల పిల్లనన్నది సాకు కాదు. తర్వాత ఇరవై రెండేళ్లు ఉన్నాయి నాకు.

ట్రాలీ మీద తీసుకెళ్లేముందు నేను అమ్మ నోటి దగ్గర ఫోను పెట్టాను. నీకు చెప్పలేదు. ‘ఒక్క వాక్యం అమ్మా’ అన్నాను. ఫోను వైపు చూసింది, తలుపు దగ్గర నిలబడ్డ నీ వైపు చూసింది, పెదవులు బిగించుకుంది. అంతే, లోపలికి తీసుకెళ్లిపోయారు. అమ్మ గొంతులో నా దగ్గర మిగిలిన చివరి రికార్డింగు అదే. పదకొండు సెకన్లు, అందులో ఊపిరి తప్ప ఏమీ లేదు.

ఇక మాటలు పోయినట్టేనని మేడమ్‌తో అనేశాను. ఆవిడ ఏప్రిల్ నెలాఖరు వరకూ ఆగుదామంది. ఎందుకు ఆగాలో నాకు తెలియడం లేదు. ఫోను తిరిగి పంపించెయ్యి, తొందరేం లేదు.

మరదలు

*

కుట్టుమిషన్ గది,
ఏప్రిల్ 20

అమ్మాయ్,

ఫోను పంపడం లేదు. అది అత్తయ్య ఇవ్వదు.

ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు నేను కాలర్లు కుడుతుంటే తనే అల్మారా తెరిచి ఫోను తీసి నా ఒళ్లో పడేసింది. చొక్కా పక్కకు నెట్టింది. తెర మీద బావి బొమ్మ. నాకు అర్థం కాలేదు. బొమ్మ మీద వేలితో కొట్టి, అదే వేలితో నా గొంతు మీద కొట్టింది. అప్పుడు వెలిగింది. మొదటి గొంతు ఎవరిదైనా కావచ్చు, రెండో చెవి మాత్రం ఆ మాటలో పుట్టి పెరిగిన మనిషిదే కావాలన్నావు కదా. జనవరిలో నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. మనందరికంటే ఆవిడే బాగా విన్నది.

చెప్పాను. కళ్లు మూసుకుని వింది. ఎర్ర నొక్కింది. మళ్లీ చెప్పాను, మళ్లీ ఎర్ర. ఒక్క బావికే ఐదుసార్లు ఫెయిల్ చేసింది. ఆరోసారి నా చెయ్యి తీసుకుని తన దవడ మీద పెట్టుకుంది. గొంతు లేకుండా, ఊపిరితోనే ఆ మాట ఆడించింది. దవడ ఎక్కడ ఆగుతుందో చేతికి తెలిసింది. అప్పుడు పచ్చ వచ్చింది. నాకు చెవికి వచ్చిన భాషే గానీ నోటికి వచ్చింది కాదని ఆ పొద్దున తెలిసింది.

పదిహేను రోజుల్లో ఆరు వందలూ అయ్యాయి. యూనిఫారాలు వెనకబడ్డాయి, హెడ్మాస్టరు కబురు మీద కబురు పంపుతున్నాడు. అన్నీ నా గొంతు, అన్నీ ఆవిడ పచ్చ. మీ అన్నయ్య భోజనం ఆలస్యమై గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. తనకు సగం మాటలు రావని మొన్ననే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆరు వందలయ్యాక బొమ్మ లేని గడి ఒకటి వచ్చింది, ‘మీకు తెలిసిన ఏదైనా నానుడి చెప్పండి’ అని. ఏం చెప్పాలా అని ఆలోచించలేదు. నోటికి అదే వచ్చింది. కుండలో పడ్డ రాయి, ఉడకదు, చోటు వదలదు. తూచా తప్పకుండా చెప్పాను, నువ్వు చెప్పినట్టే.

ఎర్ర నొక్కింది.

నేను ఇంటి మాటలో అడిగాను, “పలకడం తప్పా అత్తయ్యా?”

కాదని తల ఊపింది.

“మరి?”

మళ్లీ ఎర్ర నొక్కింది. ఈసారి గోడ వైపు తిరగలేదు. నా ముఖంలోకి చూస్తూ నొక్కింది, వేలు చాలాసేపు తియ్యలేదు. నేను లేచి వంటింట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి నేను పక్కన పెట్టిన చొక్కాకి గుండీలు కుడుతోంది.

చెరిగిపోవాలంటే ఇద్దరు ఎర్ర నొక్కాలన్నావు. మామయ్యకు వినబడదు. నేను చెప్పిన మాటకు నేనే నొక్కకూడదు. నీకు వచ్చింది వంటింటి మాటలూ తిట్లే అన్నావు కాబట్టి ఇది నీకు అర్థమవుతుంది. ఉంచాలనిపిస్తే ఉంచు, మంచి నానుడే. కార్డు మడతలో ఉంది.

వదిన

*

ఆఫీసు, కిటికీ పక్క బల్ల,
ఏప్రిల్ 27

వదినా,

ఆరు వందలూ చేరాయి. ఇన్ని పచ్చలు పడ్డ మనిషికి ఇక ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదని మేడమ్ అంది, పాతవాటికి గడువు కూడా పెంచింది. కొత్త కార్డు పంపుతున్నాను, అందులో అమ్మ గొంతుతో ఉన్న పాత ఐదు వందల నలభై ఉన్నాయి. వాటికి నీ పేరు మీద నువ్వే గుర్తులు పెట్టు. కుక్కకు మాత్రం వద్దు.

ఆ చివరి మాట నాలుగుసార్లు విన్నాను. నేను అన్నప్పుడు కూడా అంత స్పష్టంగా అని ఉండను. నీ గొంతు వణకలేదు. దాని పక్కన అమ్మ నొక్కిన ఎర్ర గుర్తు ఉంది. రెండో గుర్తు గడి ఖాళీగా ఉంది.

నొక్కాను. మాట చెరిపేముందు ఈ యాప్ ఒకసారి అడుగుతుంది, ‘ఖాయమేనా?’ అని. ఆ ప్రశ్న రాసి పెట్టింది నేనే, రెండేళ్ల కిందట.

ఖాయమే అన్నాను.

శనివారం బస్సుకి వస్తున్నాను. బావిని ఏమంటారో నాకు రాదు. నువ్వు నేర్పుదువుగాని, దవడ ఎక్కడ ఆగాలో చూపిద్దువుగాని.

నీ మరదలు